రెండు ప్రాణముల బండి

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



నాకు ముందు మాటలాడిన పెద్దలు పద్యమును గూర్చియు, నాటకమును గూర్చియు ప్రసంగించిరి. నా వంతు వచ్చుసరికి సభ ఒక్కసారిగా కల్యాణమండపమునుండి మోటారు షెడ్డులోనికి దిగవలసి వచ్చినది. ఈ అపరాధము నాది కాదు. మన కార్యదర్శిగారు నెలనాడు నాయొద్దకు వచ్చి, "మీరు విద్యుచ్ఛాఖలో ముప్పదేండ్లు పనిచేసి విశ్రాంతి తీసికొన్నవారు గదా, ఈ ప్లగ్గు పెట్టెడు కార్లను గూర్చి నాలుగు మాటలు చెప్పుడు; మన పిల్లలలో చాలమంది అట్టివి కొనుచున్నారు" అని కోరిరి. ఆ కార్లలో చాల జాతులు కలవు. నేను ఒక్క జాతిని ఎన్నుకొంటిని. దానిని ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అందురు. అందులోను పెద్దవి, ఖరీదైనవి, ఎస్.యు.వి. అని మన పిల్లలు ముద్దుగా పిలుచుకొనునవి.

పింఛనుదారుడు కోటి రూపాయల బండిని గూర్చి ప్రసంగించుట వింతగా తోచవచ్చును. నాకు స్వంతమైనది ఒక పాత చిన్న కారు. దానికిని వారములో నాలుగు దినములు సెలవు. అయినను 2023 సెప్టెంబరు మొదలుకొని ఆరు మాసములు అమెరికాలో మా అమ్మాయి ఇంట నుండి, అట్టి బండి యొకదానికి సంరక్షకుడను, లెక్కలగుమాస్తాను, అప్పుడప్పుడు సారథిని కూడ అయితిని. ఆ అనుభవమే నేడు నా పెట్టుబడి. ఆ బండి ఏ సంస్థవారిదో చెప్పను. పేరుతో మనకు పని లేదు.

ముందుగా ఈ జాతి లక్షణమును చెప్పవలెను. 1997లో జపానునందు టయోటావారు ప్రియస్ అను కారును అమ్మకమునకు తెచ్చిరి. అందొక పెట్రోలు యంత్రము, ఒక విద్యుత్ మోటారు, ఒక చిన్న బ్యాటరీ ఉండెను. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోవు శక్తిని బ్యాటరీ పట్టుకొనును. బండి కదలునప్పుడు దానిని తిరిగి ఇచ్చును. దానికి ప్లగ్గు లేదు. అది త్రాగునది పెట్రోలే. పూర్తి విద్యుత్ కారునకు పెట్రోలు యంత్రమే లేదు. ఈ రెంటికి నడుమ నిలిచినది మన ప్లగ్-ఇన్ హైబ్రిడ్. ఇందు పెట్రోలు యంత్రము సంపూర్ణముగా నున్నది. బ్యాటరీయు ఒక దినపు ప్రయాణమునకు చాలునంత యున్నది. దానిని గోడ ప్లగ్గునుండి నింపుకొనవచ్చును.

నుయ్యియు కుళాయియు రెండును గల ఇల్లు మీలో పలువురు ఎరుగుదురు. కుళాయి నీరు రాత్రివేళ వచ్చును. గృహిణి లేచి గంగాళము నింపుకొన్నచో మరునాడు పగలు చింత లేదు. గంగాళము చాలని దినమున మాత్రము నూతికి చేద వేయవలెను. రాత్రి లేవనివారు దినమంతయు నూతినీరే తోడుకొందురు; ఖాళీ గంగాళము వంటయింటిలో చోటు మాత్రము ఆక్రమించుకొని కూర్చుండును. ఈ బండి సంగతి సరిగా ఇంతే.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1900 ప్రాంతమున ఫెర్డినాండ్ పోర్షే అను యువకుడు వియన్నాలోని లోనర్ బండ్ల కర్మాగారమున పెట్రోలు యంత్రములు, బ్యాటరీ, చక్రములలోనే అమర్చిన మోటారులు గల బండి నొకదానిని చేసి, దానికి లాటిన్ భాషలో 'సదా సజీవము' అను అర్థమిచ్చు పేరు పెట్టెను. ఒక ప్రాణము అలసినప్పుడు రెండవది మేల్కొనును గనుక ఆ పేరు తగినదే. పిమ్మట పెట్రోలు చవుకయై ఈ మార్గము శతాబ్దముపాటు మరుగున పడినది. 2015 నాటికి వోల్వో ఎక్స్.సి.-90, బి.ఎం.డబ్ల్యు. ఎక్స్-5 వంటి ధనికుల బండ్లు ప్లగ్గుతో వచ్చెను. 2023లో వచ్చిన ఎక్స్-5 నమూనాలో రెండు ప్రాణములు కలిసి 480కి పైబడిన అశ్వశక్తి చూపును. బరువు సుమారు రెండున్నర టన్నులు. బ్యాటరీలో వాడుకకు వచ్చునది సుమారు 25 యూనిట్లు. మన ఇంటి మీటరు చూపు యూనిట్లే ఇవి. మా అల్లునిగారి బండియు ఇంచుమించు ఇదే తూకముది.

వారుండు ఊరు న్యూజెర్సీ రాష్ట్రములోని ఎడిసన్. ఆ ఊరికి మునుపు రారిటన్ అను పేరు ఉండెడిది. అందలి మెన్లో పార్కునందే థామస్ ఎడిసన్ 1876లో ప్రయోగశాల నెలకొల్పి, 1879లో దీపము వెలిగించెను. ఆయన గౌరవార్థము 1954లో ఊరి పేరు మార్చిరి. అచ్చటి ఓక్ ట్రీ రోడ్డున నడచినచో గోంగూర మొదలు గోల్డు గాజుల వరకు దొరకును. తెలుగు మాట వినబడని అంగడి అరుదు. విద్యుచ్ఛాఖవాడనగు నాకు ఆ ఊరు తీర్థయాత్ర వంటిదే అయ్యెను. ఏకముఖ విద్యుత్తే మేలని పట్టుపట్టిన ఎడిసన్, ఏకాంతర విద్యుత్తును నిలిపిన వారి చేతిలో ఓడినాడు. నేటి బండిలో ఆ ఇరువురికిని రాజీ కుదిరినది. గోడనుండి వచ్చునది ఏకాంతరము, బ్యాటరీ దాచుకొనునది ఏకముఖము, మోటారును త్రిప్పుటకు మరల ఏకాంతరము. ఈ మార్పులన్నిటికి సుంకముగా కొంత శక్తి వేడియై పోవును. బ్యాటరీకి 25 యూనిట్లు చేర్చవలెనన్న గోడ మీటరు 28 చూపెడిది.

నేను వెళ్ళిన రెండవ దినమున సామాను దించుచు బండి వెనుకభాగమున ఒక నల్లని సంచిని చూచితిని. జిప్పు బిగించి యున్నది. విప్పి చూడగా లోపల ప్లగ్గు తీగ, కర్మాగారమున చుట్టిన కాగితపు పట్టీ ఊడకుండ, అట్లే ఉన్నది. బండి కొని అప్పటికి ఎనిమిది మాసములు. నేను ఏమియు అనలేదు. రాత్రి భోజనమునకు కూర్చున్నప్పుడు మా అమ్మాయియే నవ్వుచు, "నాన్నగారూ, ఆ సంచి జోలికి వెళ్ళకండి, దానివల్ల ఒకసారి మా ఇద్దరికీ మాటలు లేవు" అని హెచ్చరించినది.

మా అల్లుడు సోమరి కాడు, మంచి ఇంజనీరు. ఆయన చెప్పిన కారణము విన్నపిమ్మట తప్పు సగము ఆయనది కాదని తెలిసినది. "మామయ్యగారూ, రాత్రంతా పెట్టినా సగమే నిండుతుంది. సగం నిండిన దానికోసం చలిలో తీగ విప్పడం, చుట్టడం ఎందుకని వదిలేశాను" అనెను. నేను కాగితము తీసికొని లెక్క వేసితిని. అమెరికాలో గోడ ప్లగ్గున ఉండునది 120 వోల్టులు. ఎడతెగక వాడదగినది 12 ఆంపియర్లు. అనగా గంటకు ఒకటిన్నర యూనిటు కూడ రాదు. ఇరువదియెనిమిది యూనిట్లకు దాదాపు ఇరువది గంటలు పట్టును! మన దేశమున 230 వోల్టుల పదునైదు ఆంపియర్ల ప్లగ్గు, గీజరునకు వాడునది, ఆ పనిని పది పండ్రెండు గంటలలో ముగించును. ఈ ఒక్క విషయమున మన ఇంటి గోడ వారి ఇంటి గోడకన్న భాగ్యవంతురాలు.

అట్లయిన ఆ బండిని ఏల తీసికొనిరి? అద్దె ఒప్పందమున తీసికొన్నవారికి ఆనాడు అమెరికా ప్రభుత్వపు రాయితీ 7,500 డాలర్లవరకు సంస్థద్వారా అందెడిది. అందువలన నెలసరి కంతు తగ్గినది. ఆ రాయితీ 2025 సెప్టెంబరు 30వ తేదీతో ముగిసినది. ప్రభుత్వము ప్లగ్గునకు ధనమిచ్చెను గాని ప్లగ్గు పెట్టిరా లేదా అని అడిగినవారు లేరు. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు ఇందులోని రుచి వేరుగా చెప్పనక్కరలేదు. వినియోగపత్రము అడుగక గ్రాంటు విడుదల చేసినచో ఏమగునో మీకు తెలియును.

బట్టలారబెట్టు యంత్రమునకు అచ్చట 240 వోల్టుల ప్రత్యేక తీగ ఉండును. అట్టిదే ఒకటి కారు షెడ్డులోనికి లాగించుడని నేను సూచించితిని. పురపాలకులనుండి అనుమతిపత్రము, విద్యుత్ పనివాడు, తనిఖీ అధికారి, అన్నియు కలిసి మూడు వారములు పట్టినవి, 1,100 డాలర్లయినది. పిమ్మట నాలుగు గంటలలో బ్యాటరీ నిండసాగెను. రాత్రి తొమ్మిది గంటలకు తీగ తగిలించు పని నేను పుచ్చుకొంటిని. నాకు అది సంధ్యావందనమువలె అలవాటైనది. మనుమరాలు పంటిబ్రష్షు, తాత ప్లగ్గు, ఒకే వేళకు.

బండి నడుపుటలోని సుఖమును చెప్పకున్న పక్షపాతమగును. ఉదయమున మీట నొక్కగా ధ్వని లేదు. బండి బయలుదేరినదో లేదో చక్రముల క్రింద ఆకులు నలిగిన సవ్వడివలననే తెలియును. రెండున్నర టన్నుల లోహము పడవవలె జరిగిపోవును. అడుగుపీటను మెల్లగా నొక్కినంతకాలము మోటారే లాగును. రాజమార్గమున ప్రవేశించుచు గట్టిగా నొక్కినచో, క్షణమాత్రము తటపటాయించి, పెట్రోలు యంత్రము ఒక్క గర్జనతో మేల్కొనును. మొదటిసారి ఆ గర్జనకు నేను ఉలికిపడితిని. దిగుడు రోడ్డున కాలు తీసినచో బండి తనంతట నెమ్మదించుచు, ఆ వేగమును బ్యాటరీకి జమ కట్టుకొనును. చిత్రమేమనగా, ఆ జమాఖర్చుల పలక కన్నుల ముందు వెలుగుచుండగా మనిషి స్వభావమే మారును. పొదుపరియగు నేను మరీ పొదుపరినైతిని. వెనుకనుండి హారను మ్రోగినది కూడ కలదు.

చిక్కులును కలవు. బ్యాటరీ వెనుకభాగమున నేలక్రింద కూర్చుండుటవలన అదనపు చక్రమునకు చోటు లేదు. ఆ బరువును మోయుటలో టైర్లు త్వరగా అరుగును. పెట్రోలు తొట్టి ఒత్తిడితో బిగించియుండును. లోపలి మీట నొక్కి, ఆవిరి తగ్గువరకు కొంతసేపు వేచియుండిన గాని మూత తెరచుకొనదు. న్యూజెర్సీలో పెట్రోలు మనము పోసికొనరాదు, బంకు పనివాడే పోయవలెనను చట్టమున్నది. ఆ పనివాడు గొట్టము చేత పట్టుకొని మూతవైపు చూచుచు, మేము లోపలినుండి క్షమాపణగా చేయి యూపుచు నిలిచిన దృశ్యము నెలకొకసారి తప్పలేదు.

నెలకొకసారి అంటిని గదా, మొదట వారమునకొకసారి ఉండెడిది. ఇక లెక్కల పుస్తకము విప్పెదను. అల్లునిగారి కార్యాలయమునకు రానుపోను 56 కిలోమీటర్లు. తీగ లాగించకముందు ఒక నెలలో బండి తిరిగినది సుమారు 1,900 కిలోమీటర్లు, త్రాగినది 200 లీటర్ల పెట్రోలు. తీగ వచ్చిన పిమ్మటి నెలలో దూరము అంతే. పెట్రోలు 37 లీటర్లు, విద్యుత్తు 680 యూనిట్లు. ఈ సంఖ్యను చూచి మా అమ్మాయి చప్పట్లు కొట్టినది. కాని గుమాస్తా అంతటితో ఆగరాదు. నాటి ధరలనుబట్టి పెట్రోలు ఖర్చు 185 డాలర్లనుండి 34కు దిగినది. కరెంటు బిల్లు 122 డాలర్లు పెరిగినది. మిగిలినది నెలకు 29 డాలర్లు. పనివానికిచ్చిన 1,100 రాబట్టుకొనుటకు మూడేండ్లు దాటును. అల్లుడుగారు ఆ పుస్తకమును చూచి మర్యాదగా మౌనము వహించిరి.

ధనము మాట అటుండగా పొగ మాట ఏమి? లీటరు పెట్రోలు కాలిన 2.3 కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువు వెలువడును. రెండు వందల లీటర్లకు 460 కిలోగ్రాములు. న్యూజెర్సీ విద్యుత్తు చాలవరకు అణుశక్తివలనను, సహజవాయువువలనను పుట్టును. ఆ రాష్ట్రపు ఉత్పత్తి లెక్కన యూనిటుకు సుమారు పావుకిలో. 680 యూనిట్లకు 170, మిగిలిన పెట్రోలుకు 85, వెరసి 255. అనగా సగమునకు కొంచెము తక్కువ తగ్గినది. అచ్చట నా సంధ్యావందనము వృథా పోలేదు.

జనవరిలో మంచు పడినప్పుడు ఈ లెక్క కొంత చెడినది. శరత్కాలమున నిండు బ్యాటరీతో 64 కిలోమీటర్లు పోయిన బండి, చలిలో 45 దాటలేదు. బ్యాటరీకి చలి గిట్టదు. లోపల కూర్చున్నవారికిని వేడి కావలెను. ఆ వేడియు అదే గంగాళమునుండి తీయవలెను. ఇంటికి పదునొకండు కిలోమీటర్ల దూరమున యంత్రము మేల్కొనుట నిత్యకృత్యమైనది. బండిని ప్లగ్గునుండి తీయకముందే లోపలిభాగమును వెచ్చజేసికొన్నచో ఆ వేడి గోడనుండి వచ్చునని తెలిసికొన్నపిమ్మట మరి నాలుగైదు కిలోమీటర్లు కలిసివచ్చెను.

నల్ల సంచి మా ఇంటి రహస్యమని నేననుకొంటిని. ఐరోపాఖండమున అది రాజ్యముల సమస్య అని తరువాత చదివితిని. అచ్చట ప్రతి కొత్త బండికి ప్రయోగశాలలో పరీక్షచేసి కిలోమీటరునకు ఇన్ని గ్రాముల పొగ అని సంఖ్య ఇత్తురు. ప్లగ్గు బండికి ఆ సంఖ్య కట్టునప్పుడు, యజమాని ఎంతభాగము కరెంటుతో నడుపునో ముందుగా ఒక ఊహ చేయవలెను. ఆ ఊహ మహోదారముగా నుండెను. 2021లో రిజిస్టరైన బండ్లు తమలోని పరికరముల ద్వారా తెలిపిన నిజమైన ఖర్చును ఐరోపా సంఘమువారు క్రోడీకరించి 2024 మార్చిలో ప్రకటించిరి. మామూలు పెట్రోలు, డీజిలు బండ్లు కాగితపు సంఖ్యకన్న సుమారు ఇరువది శాతము ఎక్కువ పొగ విడిచినవి. ప్లగ్గు బండ్లు విడిచినది కాగితపు సంఖ్యకు మూడున్నర రెట్లు!

దీనికి కారణమును 2022లో జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు, మరియొక అంతర్జాతీయ సంస్థవారు కలిసి విప్పి చూపిరి. స్వంత డబ్బుతో కొన్నవారు నడిపిన దూరములో ఇంచుమించు సగము కరెంటుతో నడిచినది. కంపెనీవారు ఉద్యోగులకిచ్చిన బండ్లలో అది 11 మొదలు 15 శాతము మాత్రమే. ఏలయన, పెట్రోలు కార్డు కంపెనీది, కరెంటు బిల్లు ఇంటిది. బ్రిటనులో అద్దె ముగిసి తిరిగివచ్చిన కొన్ని బండ్లలో ప్లగ్గు తీగలు కట్టు విప్పకయే కనబడినవని 2018లో వార్తలు వచ్చెను. ఆ యేడే అచ్చటి ప్రభుత్వము ఈ జాతి బండ్లకు కొనుగోలు సాయమును నిలిపివేసినది. కార్యాలయపు స్టాఫు కారు లాగుబుక్కును ఏండ్ల తరబడి పరిశీలించి సంతకము పెట్టిన నాకు ఈ మానవస్వభావమును గ్రహించుటకు జర్మను పరిశోధకుల అవసరము లేకపోయెను. అయినను వారి శ్రమకు కృతజ్ఞుడను. సంఖ్య లేనిదే దస్త్రము కదలదు.

ఇక మన దేశమునకు వత్తము. ఇచ్చట ఈ జాతి సంతతి స్వల్పము. 2016లో వోల్వోవారు ఎక్స్.సి.-90 ప్లగ్గు బండిని కోటి పాతిక లక్షలకు తెచ్చిరి. 2022 డిసెంబరులో వచ్చిన బి.ఎం.డబ్ల్యు. ఎక్స్.ఎం. వెల రెండు కోట్ల అరువది లక్షలు. 2017లో వస్తుసేవల పన్ను వచ్చినప్పుడు పెద్ద హైబ్రిడ్ కార్లకు సెస్సుతో కలిపి 43 శాతము పడినది. 2025 సెప్టెంబరు 22 నుండి 40 శాతమైనది. పూర్తి విద్యుత్ కారుకు 5 శాతమే. మన ప్రభుత్వము ప్లగ్గునుచూచి మోసపోలేదు, యంత్రమును చూచి పన్ను వేసినది. నా అభిప్రాయమున ఇది వివేకమే. కోటి రూపాయలు పెట్టగలవానికి ఖజానానుండి రాయితీ ఇచ్చుట ఏల?

మన ఢిల్లీ లెక్క చూడుడు. 64 కిలోమీటర్లకు 28 యూనిట్లు. యూనిటు ఎనిమిది రూపాయలనుకొన్న 224 రూపాయలు. అదే దూరమునకు పెట్రోలైన 6.7 లీటర్లు, 2025లో ఇచ్చటి ధర లీటరు సుమారు 95 రూపాయలు గనుక 637 రూపాయలు. దినమునకు నాలుగు వందలు మిగులును. ఏడాదికి మూడు వందల దినములు నడిపినచో లక్షా ఇరువది వేలు. కోటి పాతిక లక్షల వస్తువుమీద ఇది ఏపాటి వడ్డీయో బ్యాంకు పనివారెవరైన ఈ సభలో నున్న చెప్పుదురు. కనుక ఆదాకొఱకు ఈ బండి కొనుచున్నానను మాటను నేను నమ్మను. సుఖముకొఱకు, హోదాకొఱకు అని చెప్పిన నమ్మెదను. అందులో తప్పును లేదు.

నన్ను నిజముగా కలవరపెట్టినది పొగ లెక్క. మన దేశపు విద్యుత్తులో అధికభాగము బొగ్గుది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థవారి లెక్కనుబట్టి యూనిటునకు సుమారు 0.7 కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువు. 28 యూనిట్లకు దాదాపు 20 కిలోలు. 6.7 లీటర్ల పెట్రోలు కాలిన వెలువడునది పదునైదున్నర కిలోలు. దానిని శుద్ధిచేసి తెచ్చుటలో విడిచిన పొగను కలిపినను ఇరువదిని దాటదు. ఎడిసన్‌లో సగమునకు దగ్గరగా తగ్గించిన నా తీగ, ఇచ్చట ఏమియు తగ్గింపలేదు! ముప్పదేండ్లు విద్యుచ్ఛాఖలో అన్నము తిన్నవాడను. ఈ సంఖ్యను మూడుమార్లు వేసి చూచితిని. మారలేదు.

దీనిని విని ప్లగ్గు దండుగ అని తొందరపడరాదు. మొదటిది, పొగ ఎచ్చట వెలువడునన్నది కూడ లెక్కలోనిదే. నవంబరులో ఢిల్లీ బడి వాకిట నిలిచిన బండి గొట్టము వేరు, రామగుండము పొగగొట్టము వేరు. రామగుండమువారు ఆ పొగను అనుభవింపరా అని అడిగినచో నాయొద్ద సమాధానము లేదు. రెండవది, ఆ రామగుండము జలాశయముమీదనే 2022లో నూరు మెగావాట్ల సౌర పలకలు తేలుచు పనిచేయ నారంభించినవి; గోడ వెనుకనున్న విద్యుత్తు మారుచున్నది, పెట్రోలు మారదు. మూడవ మాట అన్నిటికన్న ముఖ్యము. చిన్న విద్యుత్ కారు ఆ 64 కిలోమీటర్లను తొమ్మిది యూనిట్లతో పోవును. మిగిలిన పందొమ్మిది యూనిట్లు మనలను మోయుటకు కాదు, ఆ బండి తన్ను తాను మోసికొనుటకు.

ఈ విషయములన్నియు నాకు కేవలము వినోదములుగా ఉండి యుండెడివి. కాని నిరుడు చలికాలమున విజయవాడనుండి మా తమ్ముని కుమారుడు ఫోను చేసి, "పెదనాన్నగారూ, అటువంటి బండి ఒకటి చూశాను. తీసుకోమంటారా?" అని అడిగినాడు. వానికి వ్యాపారము గుంటూరున. రానుపోను డెబ్బది కిలోమీటర్లు. నెలకు రెండుమార్లు హైదరాబాదు, ఒక్కొక్క వైపు 275. దినపు తిరుగుడు కరెంటుకు, దూరప్రయాణము పెట్రోలుకు. అబ్బాయి అవసరము ఈ బండికి కుట్టించినట్లున్నది. వద్దనుటకు నాకు నోరాడలేదు, తీసికొనుమనుటకును ఆడలేదు. బండి రాత్రి ఎచ్చట నిద్రించునో ఆ గోడను ముందు పరీక్షింపుమని మాత్రము చెప్పితిని.

ఆ ఇల్లు మా తండ్రిగారు 1964లో కట్టించినది. సంక్రాంతికి వెళ్ళి, పనివానిని పిలిపించి, షెడ్డులోని మూడు రంధ్రముల ప్లగ్గును చూపించితిని. అతడు పరీక్షదీపమును ఫేజుకును న్యూట్రలునకును నడుమ పెట్టగా వెలిగినది. ఫేజుకును పై రంధ్రమునకును నడుమ పెట్టగా వెలుగలేదు. ఎర్తు లేదు. మూడవ రంధ్రము వెనుక తీగయే లేదు. ఈ బండ్ల చార్జరు ఎర్తు లేనిచోట ఎర్రదీపము చూపి పనిచేయ నిరాకరించును. అది దాని బుద్ధిమంతనము. మేము ఇంటిలోని ప్లగ్గులన్నిటిని వరుసగా చూచితిమి. ఎచ్చటను లేదు. గీజరునకు లేదు, బట్టలుదుకు యంత్రమునకు లేదు. ఇరువది యేండ్లుగా మా మరదలు తడిచేతులతో ఆ యంత్రమును ముట్టుకొనుచునే యున్నది. అప్పుడప్పుడు చిమచిమలాడునని, చెప్పులు తొడుగుకొన్న తగ్గునని ఆమె సాధారణముగా చెప్పినది. నాకు ఆ మధ్యాహ్నము భోజనము సహింపలేదు. ఊరూర విద్యుత్ భద్రతా తనిఖీ చేసినవాడను, ఆ ఇంట ప్రతి పండుగకు స్నానము చేసినవాడను, ఒక్కనాడైన ఆ రంధ్రములో దీపము పెట్టి చూడలేదు.

మరునాడే పెరటిలో కొబ్బరిచెట్టు ప్రక్కన గొయ్యి త్రవ్వించితిమి. ఎనిమిదడుగుల ఇనుపగొట్టము, చుట్టును బొగ్గు ఒక పొర, ఉప్పు ఒక పొర. ఇది పాత పద్ధతియే, విజయవాడ నేలకు బాగుగా పట్టును. మీటరు వద్ద ముప్పది మిల్లీ ఆంపియర్లకు తెగు రక్షణమీట నొకటి పెట్టించితిమి. ఇల్లంతయు కొత్త తీగ లాగుటకు రెండు నెలలు పట్టినది. మేడపైని మూడు కిలోవాట్ల సౌరపలకలకు కూడ అబ్బాయి దరఖాస్తు పెట్టినాడు. కేంద్ర ప్రభుత్వపు సూర్యఘర్ పథకమున దానికి 78,000 రూపాయల సాయమున్నది. దినమునకు పండ్రెండు యూనిట్లు వచ్చును, అనగా అట్టి బండికి సగము కడుపు నిండదు. చిన్న కారునకైన మిగులును. ఈ మాట వానికి చెప్పితిని. వాడు నవ్వి ఊరకుండెను.

ఏ బండి కొనవలెనో ఇంకను తేలలేదు. తన పాత డీజిలు కారుతోనే ముప్పది దినములు, సాయంకాలము ఎన్ని కిలోమీటర్లు తిరిగినదియు, రాత్రి ఎన్ని గంటలు షెడ్డులో నిలిచినదియు వ్రాసి నాకు పంపుమని కోరితిని. పంపుచున్నాడు. నిన్న రాత్రి వచ్చినది పండ్రెండవ దినపు లెక్క: 71 కిలోమీటర్లు, పది గంటలు. దాని క్రింద మరియొక పంక్తి: "ఎర్తు గోతిలో నీళ్ళు పోశాము పెదనాన్నగారూ. అమ్మ వాషింగ్ మెషీన్ దగ్గర దీపం పెట్టి చూశాము, వెలిగింది."